లేని ముప్పై రెండు మంది

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడబోతే చాలా చిన్నది. రెండు పొట్టి వాక్యాలు. పలకడానికి ఊపిరి తీసుకున్నంత సేపు కూడా పట్టలేదు. అవి ఒక మనిషికి ఏం చేశాయో నాకు తెలుసు, ఆ మనిషికి మొన్నటిదాకా తెలియదు. ఇప్పుడు మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. కానీ సగం చెప్పి ఆపే పని ఈసారి చేయను. ఇంతకుముందు రెండుసార్లు రాయబోయి, రెండుసార్లూ నన్ను నేను మంచివాడిగా దిద్దుకుంటున్నానని గమనించి కాగితాలు చింపేశాను.

ముందు నా సంగతి. అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్ని. మాది గుంటూరు వైపు. ఉద్యోగానికి వచ్చి ఉప్పుగూడలో అద్దెకు దిగాను, అక్కడే స్థిరపడిపోయాను. ఆదివారాలు మాత్రం మా ఇంటికి దగ్గరలోనే ఒక బడిలో దూరవిద్య డిగ్రీ వాళ్ళకు పాఠాలు చెప్పేవాణ్ణి. వాళ్ళంతా వారమంతా పనిచేసి ఆదివారం ఒక్కపూట చదువుకునేవాళ్ళు. రైల్వేలో కలాసీలు, ఆఫీసుల్లో అటెండర్లు, దర్జీలు, ఫలక్‌నుమా వర్క్‌షాపుల్లో పనివాళ్ళు. చిన్నపిల్లల బల్లల మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకునేవాళ్ళు. కాలేజీలో నా పాఠం వింటూ ఆవలించే కుర్రాళ్ళను చూసీ చూసీ, వీళ్ళ ముందు నిలబడితే నాకు నేనే గొప్పగా కనిపించేవాణ్ణి. ఈ మాట గుర్తుంచుకోండి. దీని వల్లే అంతా జరిగింది.

రెండు వేల మూడు ప్రాంతంలో ఆ దూరవిద్య విశ్వవిద్యాలయం వాళ్ళు డిగ్రీ పాఠాలను ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టారు, తెలుగులోనే. ఎవరైనా చదవవచ్చు. ఏ కాలేజీ వాళ్ళయినా తీసుకుని తమ పిల్లలకు పంచుకోవచ్చు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. పాఠం కింద ప్రశ్నలూ చర్చలూ రాసుకునే చోటు ఉండేది. తప్పు కనిపిస్తే దిద్దవచ్చు. ఎవరు ఏ రోజు ఏం మార్చారో, ఎందుకు మార్చారో, ఆ మార్పుకు ముందు ఏముండేదో, అంతా పేర్లతో సహా ఇంకో పేజీలో నిలిచి ఉండేది. దాన్ని చరిత్ర పేజీ అనేవాళ్ళం. ఒకసారి అందులోకి ఎక్కింది చెరపడం ఎవరి తరమూ కాదు. పాఠాలు రాయడానికి ఉత్సాహవంతులు కావాలన్నారు. నేను చెయ్యెత్తాను.

ఆ ఆదివారం నా విద్యార్థులకు పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. ఇకమీదట చదువు ఒకరి సొత్తు కాదన్నాను. అక్కడ ప్రొఫెసరూ ఒకటే, అటెండరూ ఒకటే, తప్పు ఎవరు చూపినా తప్పే అన్నాను. చప్పట్లు కొట్టారు. ఆ మాటలు చెప్పేటప్పుడు నేను నమ్మే చెప్పాను. అదే ఇప్పటికీ నాకు మింగుడు పడదు. మోసగాడిని అయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

చిక్కేమిటంటే వాళ్ళలో ఒక్కరి ఇంట్లో కూడా కంప్యూటర్ లేదు. నెట్ సెంటర్‌కు వెళ్ళినా తెలుగులో టైపు చేయడం రాదు. అందుకని మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఖాళీ బిస్కెట్ల డబ్బా ఒకటి తరగతి గదిలో కిటికీ గూట్లో ఉండేది. ఎవరికి ఏ సందేహం వచ్చినా చీటీ రాసి, కింద పేరు రాసి అందులో వేయాలి. సోమవారం సాయంత్రం కాలేజీ అయ్యాక అఫ్జల్‌గంజ్‌లోని నెట్ సెంటర్లో కూర్చుని ఆ చీటీలన్నీ వాళ్ళ పేర్లతోనే టైపు చేసేవాణ్ణి. దాన్ని ఎక్కించడం అనేవాళ్ళు. వేరే ఊళ్ళ నుంచి వచ్చిన జవాబులను ప్రింటు తీసి పై ఆదివారం చదివి వినిపించేవాణ్ణి. తన ప్రశ్నకు వరంగల్ నుంచో ఆదిలాబాద్ నుంచో ఎవరో జవాబు రాశారంటే ఆ కాగితం అడిగి తీసుకుని ఇంట్లో చూపించుకునేవాళ్ళు. నెట్ సెంటర్ నడిపే భాయ్ నన్ను చూడగానే, పోస్ట్‌మన్ సార్ వచ్చిండని నవ్వేవాడు. నిజమే. వాళ్ళకూ ఆ ప్రపంచానికీ మధ్య నేనొక్కణ్ణే ఉన్నాను. అటు పోయేది నా చేతుల మీదుగా పోవాలి, ఇటు వచ్చేది నా నోటి మీదుగా రావాలి.

ఆ తరగతిలో ఒకావిడ ఉండేది. ఇక్కడ ఆమెను రూతమ్మ అంటాను. అది అసలు పేరు కాదు. అప్పటికి నలభై దాటి ఉంటాయి. ఒక ప్రభుత్వ ఆసుపత్రి వంటశాలలో పని. పొద్దున్నే వార్డు వార్డూ తిరిగి ఎంతమంది రోగులున్నారో తలలు లెక్కపెట్టి, ఏ వార్డుకు ఎన్ని ప్లేట్లు పోవాలో వంటవాళ్ళకు చెప్పడం ఆమె వంతు. ఇరవై ఏళ్ళుగా అదే పని. డిగ్రీ పాసైతే ఆఫీసులో గుమాస్తా పోస్టుకు ప్రమోషన్ వస్తుంది. ఆ పోస్టు కోసమే చదువుతోంది. తెల్లవారుజామున లేచి పొగలో నిలబడే ఓపిక ఇంక లేదని, కుర్చీలో కూర్చుని చేసే పని కావాలని ఒకసారి నాతోనే అంది. తక్కువ మాట్లాడేది. చీటీలు మాత్రం ప్రతివారం వేసేది.

నేను రాసిన పాఠం సగటుల మీద. అందరికీ అర్థం కావాలని ఒక తేలిక ఉదాహరణ పెట్టాను. ఒక ఊళ్ళో రెండు బడులు. మొదటి బడిలో ఇరవై మంది పిల్లలు, పదహారు మంది పాసయ్యారు, అంటే ఎనభై శాతం. రెండో బడిలో నూట ఎనభై మంది, డెబ్బై రెండు మంది పాసయ్యారు, అంటే నలభై శాతం. రెండు బడులూ కలిపితే ఊరి ఉత్తీర్ణత ఎంత? ఎనభై, నలభై కలిపి సగం చేస్తే అరవై శాతం. అలా రాశాను. పాఠం చాలా తేటగా ఉందని పైవాళ్ళు మెచ్చుకున్నారు. పాఠంతో పాటు పరీక్షల కోసం అయిదు ప్రశ్నలూ వాటి జవాబులూ కూడా రాసి పంపమంటే, అదే పద్ధతిలో రెండు గ్రామాల అక్షరాస్యత మీద ఒక ప్రశ్న రాసి, దానికీ అలాగే సగం చేసిన జవాబు రాసి పంపాను.

పాఠం ఎక్కిన రెండు నెలలకు, ఒక సోమవారం సాయంత్రం, నెట్ సెంటర్లో చీటీలు ఒక్కొక్కటే విప్పుతున్నాను. పద్దెనిమిది ఉన్నాయి. రూతమ్మది నాలుగోదో అయిదోదో. గుండ్రటి అక్షరాలు. ఆ చీటీలో మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"సార్, మీ పాఠంల రెండు బళ్ళ లెక్క ఉన్నది. రెండిట్ల కలిపి రెండువందల మంది పిల్లలు. అరవై శాతం అంటే నూట ఇరవై మంది పాస్ కావాలె. నేను ఒక్కొక్కల్ల లెక్కవెట్టిన. మొదటి బడిల పదహారు, రెండో బడిల డెబ్బై రెండు. ఎనభై ఎనిమిదే అయితున్నది. మిగిలిన ముప్పై రెండు మంది ఏడికెల్లి వచ్చిన్రు? నా లెక్క తప్పైతే చెప్పుండ్రి."

మొదట నవ్వాను. దాచను. పాపం ఈవిడకు శాతాలు ఇంకా పట్టుబడలేదనుకున్నాను. ఆ తర్వాత చీటీ వెనక వైపు పెన్సిలుతో కూడాను. పదహారూ డెబ్బై రెండూ ఎనభై ఎనిమిది. రెండు వందల్లో ఎనభై ఎనిమిది అంటే నలభై నాలుగు శాతం. అరవై కాదు. చిన్న బడికీ పెద్ద బడికీ సమానంగా తూకం వేశాను. డిగ్రీ మొదటి ఏడాది పిల్లవాడు చేస్తే నేనే ఎర్ర సిరాతో కొట్టేసే తప్పు. పదిహేనేళ్ళుగా సగటులు చెబుతున్న నేను చేశాను. పక్క కుర్చీలో ఎవరో కుర్రాడు క్రికెట్ స్కోరు చూసుకుంటున్నాడు, నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. అయినా చీటీని అరచేత్తో మూసేశాను.

ఆమె ఎలా పట్టుకుందో అప్పుడే అర్థమైంది. అరవై మంది ఉన్న వార్డునూ పన్నెండు మంది ఉన్న వార్డునూ కలిపి సగం చేసి ప్లేట్లు పంపితే ఎవరో ఒకరు పస్తు పడుకుంటారు. ఆమెకు శాతం అంటే తలలు. నాకు శాతం అంటే అంకె.

అప్పుడేం చేయాలి? చేయవలసింది ఒకటే. ఆ చీటీని ఆమె పేరుతో ఎక్కించి, కింద, అవును, తప్పు నాదే, దిద్దుతున్నాను అని రాయాలి. అయిదు నిమిషాల పని. ఆమె చేయమని అడిగిందీ అదే, నేను చప్పట్ల మధ్య చెప్పిందీ అదే. కానీ చరిత్ర పేజీ గుర్తొచ్చింది. ఫలానా లెక్చరరు పాఠంలో తప్పును ఫలానా వంటశాల మనిషి పట్టుకుందని అది ఎప్పటికీ అక్కడే ఉంటుంది. పైగా అదే వారం ఒక ఉత్తరం వచ్చింది, నా పాఠాన్ని నమూనాగా తీసుకోమని మిగతా అధ్యయన కేంద్రాలకు చెబుతున్నట్టు. మా కేంద్రం ఇన్‌ఛార్జి దాన్ని అందరి ముందూ చదివాడు. మా ఆవిడకు కూడా చెప్పాను. ఇవన్నీ కారణాలు అని మీరనుకోకండి. నేను కూడా చాలాకాలం వీటిని కారణాలు అనుకున్నాను. అసలు సంగతి అంతకన్నా చవకది. ఆమె చేత దిద్దించుకోవడం నాకు ఇష్టం లేదు. ఇంకో లెక్చరరు చెప్పి ఉంటే పళ్ళు కొరుక్కుంటూ అయినా దిద్దేవాణ్ణి.

పదిహేడు చీటీలు ఎక్కించాను. ఆ ఒక్కటీ చొక్కా జేబులో పెట్టుకున్నాను. రేపు చూద్దాం అనుకున్నాను. ఆ రేపు రాలేదు. రెండు రోజుల తర్వాత మా ఆవిడ ఉతికిన చొక్కా జేబులోంచి తెల్లటి పిండిలాంటిది తీసి, ఇదేమిటండీ అని అడిగింది. ఏమీ లేదన్నాను. నేను చింపలేదు కదా, దానంతట అదే పోయింది కదా అని అప్పుడు మనసులో అనుకున్నాను కూడా. మనిషి తనకు తాను ఎంత తేలిగ్గా న్యాయం చెప్పుకుంటాడో చూడండి.

పరీక్షల్లో నా ప్రశ్నే వచ్చింది. రెండు గ్రామాల అక్షరాస్యత, పది మార్కులు. పేపర్లు దిద్దింది ఎవరో, ఎక్కడో. వాళ్ళ చేతిలో ఉన్న జవాబు మాత్రం నాది. ప్రశ్నపత్రాలు అచ్చుకు వెళ్ళకముందు, ఆ జవాబులో పొరపాటు ఉంది, ఇలా మార్చండి అని ఒక్క ఉత్తరం రాస్తే సరిపోయేది. రాయలేదు. ఆ ప్రశ్నే రావాలని ఏముంది అనుకున్నాను. వచ్చింది. రూతమ్మ తన లెక్క ప్రకారం, తలలు కూడి, సరిగ్గా రాసింది. ఆ జవాబుకు సున్నా పడింది. ఆరు మార్కుల తేడాతో ఆ పేపరు పోయింది.

ఫలితాలు వచ్చిన ఆదివారం క్లాసు అయిపోయినా ఆమె లేవలేదు. అందరూ వెళ్ళేదాకా ఆగి, మార్కుల కాగితం మడతపెట్టి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ ఏడాది ఆమె ఆఫీసులో గుమాస్తా పోస్టులు రెండు ఖాళీ అయ్యాయి. సర్టిఫికెట్ చూపిస్తే లిస్టులో ఆమె పేరు పైనే ఉండేది. ఆ సంగతి మామూలుగా చెప్పింది, ఫిర్యాదులా కాదు. తర్వాత ఇలా అడిగింది.

"సార్, అప్పట్ల నేనొక చీటీ ఏసిన. రెండు బళ్ళ లెక్కది. ఎక్కిచ్చిన్రా?"

"ఎక్కించాను."

"మరి ఎవ్వలు ఏమనలేదా?"

"ఎవరూ జవాబు ఇవ్వలేదు."

ఆమె కిటికీ గూట్లో ఉన్న డబ్బా వైపు చూసింది. "గంత మంది సదివిన్రు. ఒక్కలు గూడ నిజమే అనలేదంటే, నాదే తప్పన్నట్టు." మళ్ళీ నా వైపు తిరిగింది. "మరి ఈపారి ఎట్ల రాయాలె సార్?"

"పాఠంలో ఉన్నట్టు రాయండి."

రెండు వాక్యాల అబద్ధం అని మొదట్లో అన్నాను. అక్కడా లెక్క తప్పాను. మూడో మాట అబద్ధం కాదుగానీ, మూడింటిలోకీ నీచమైనది అదే. మొదటి రెండూ నన్ను కాపాడుకోవడానికి చెప్పాను. మూడోది ఆమె బుర్రలో ఉన్న నిజాన్ని నా చేత్తో పీకి పారేసింది. మార్కులు పోయినా తన లెక్క సరైనదేనన్న నమ్మకం ఆమెకు ఆ క్షణం దాకా ఉంది. లేకపోతే ఆ చీటీ సంగతి అడిగేదే కాదు. ఊళ్ళ నుంచి, జిల్లాల నుంచి ఎందరో ఆ చీటీ చదివి, ఒప్పుకోకుండా మౌనంగా ఉండిపోయారని ఆమె నమ్మింది. ఆ మౌనం నేను తయారుచేసింది. అంతమంది ఒక వైపు, ఇరవై ఏళ్ళ తన లెక్క ఇంకో వైపు. ఆమె తన లెక్కను వదులుకుంది.

సప్లిమెంటరీలో మళ్ళీ అలాంటి ప్రశ్నే వచ్చింది. ఎనభై, నలభై కలిపి సగం చేసినట్టే చేసి తప్పు రాసింది. పాసైంది. స్వీటు డబ్బా తెచ్చి అందరికీ పంచింది. నాకు రెండు ముక్కలు పెట్టింది. తిన్నాను. కానీ అప్పటికి ఆ రెండు పోస్టులూ నిండిపోయాయి. తర్వాత ఇంతవరకూ ఖాళీ రాలేదు. ఆ తర్వాత ఆమె ఉన్నన్నాళ్ళూ డబ్బాలో ఒక్క చీటీ కూడా వేయలేదు. నేను గమనించాను. ఎందుకు వేయడం లేదని అడగలేదు.

ఆరేళ్ళు ఎలా గడిపావని మీరు అడగవచ్చు. చాలా బాగా గడిపాను. అదే సిగ్గు. జీతం పెరిగింది. పాఠాలు ఇంకా రాశాను. ఆ ఒక్క పాఠం జోలికి మాత్రం పోలేదు. దిద్దాలంటే ఎప్పుడు తెలిసిందో చెప్పాలి, ఎప్పుడు తెలిసిందో చెబితే ఎందుకు ఆగావని అడుగుతారు. ఈ లోపల అది దేశం మీద పడింది. ఎవరైనా తీసుకోవచ్చు అన్నాం కదా, తీసుకున్నారు. కొన్ని కాలేజీలు తమ పేజీల్లో పెట్టుకున్నాయి. కొందరు జిరాక్సు తీసి పుస్తకాలుగా కుట్టుకున్నారు. ఒకచోట నా పేరు కూడా ఎగిరిపోయి తప్పు మాత్రం మిగిలింది. అది చూసి ఒక్క క్షణం హాయిగా అనిపించింది. ఎంత దిగజారానో నాకు తెలిసింది ఆ హాయి వల్లే.

రెండు నెలల కిందట, సాయంత్రం ఫలక్‌నుమా వెళ్ళే లోకల్ రైల్లో ఇంటికి వస్తున్నాను. మలక్‌పేటలో ఎక్కేసరికి ఎదుటి సీట్లో రూతమ్మ. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నాను. జుట్టు సగం నెరిసింది. ఇంకా ఆ వంటశాలలోనే ఉంది. పక్కన సుజాత అని ఒక అమ్మాయి, అదే వంటశాలలో పనిచేస్తుందట, వీళ్ళ సందులోనే ఉంటుందట, ఇప్పుడు అదే డిగ్రీ చదువుతోందట. నన్ను చూపించి, నాకు చదువు చెప్పిన సారు ఈయనేనని రూతమ్మ ఆ అమ్మాయికి చెప్పింది. గర్వంగా చెప్పింది. ఆ అమ్మాయి ఒళ్ళో ఉన్నది నా పాఠమే, జిరాక్సు కాగితాలు. రెండు బడుల లెక్క దగ్గర ఆమెకూ అనుమానం వచ్చిందట. కూడి చూస్తే సరిపోవడం లేదంటోంది. రూతమ్మ ఆమెను ఓపిగ్గా సముదాయిస్తోంది. మన లెక్క పక్కకు పెట్టాలని, తను కూడా మొదట అట్లనే అనుకుని ఒక ఏడాది పోగొట్టుకుందని, పాఠంలో ఉన్నట్టు రాస్తేనే పాసవుతారని చెప్పి, సార్ అదే కదా అన్నట్టు నా వైపు చూసింది.

నేను తల ఊపాను. అవును, ఊపాను. ఉప్పుగూడ రాగానే దిగిపోయాను. రైలు కదిలాక ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంక చాలు అనుకున్నాను. పైకే అన్నానేమో, పక్కనున్న పెద్దాయన తిరిగి చూశాడు.

అయినా రెండు నెలలు పట్టింది. పిరికితనానికి సాకులు పుట్టించడంలో నాకు మంచి అనుభవం ఉంది. ఆమె మరిచిపోయి ఉంటుంది, చెబితే బాధ తప్ప లాభం ఏముంది, ఇప్పుడు ఆమె సంతోషంగానే ఉంది కదా. ఒక్కొక్క సాకునూ కాగితం మీద రాసి, కింద ఒకే ప్రశ్న వేసుకున్నాను. ఇది ఆమె కోసమా, నా కోసమా? ఒక్కటి కూడా ఆమె కోసం కాదు. పోయిన ఆదివారం ఫలక్‌నుమాలో ఆమె ఇంటికి వెళ్ళాను. చర్చి నుంచి వచ్చి అప్పుడే చీర మార్చుకున్నట్టుంది. కుర్చీ వేసి, చాయ్ పెట్టి ఇచ్చింది. తాగకుండానే చెప్పాను. చీటీ ఎక్కించలేదని. జేబులో పెట్టుకున్నానని. ఆమె చెప్పింది సరైనదని ఆ సాయంత్రమే నాకు తెలిసిందని. ఎవరూ జవాబు ఇవ్వకపోవడానికి కారణం ఎవరూ చూడకపోవడమేనని. ఆ పది మార్కులూ నా జవాబు వల్లే పోయాయని. క్షమించమని అడగకూడదని ముందే గట్టిగా అనుకుని వెళ్ళాను. ఆమె చేత ఇంకో పని చేయించుకోవడం అవుతుంది అది. అడగలేదు.

"అంటే నాదే కరెక్టా సార్?" అంది.

మీదే కరెక్టు అన్నాను.

"మరి సుజాతకు తప్పు చెప్పిన నేను." అంటూనే లేచింది. చెప్పులు వేసుకుంది. "మీరు చాయ్ తాగుండ్రి. నేను దానికి చెప్పొస్త."

గుమ్మంలోంచి కనిపిస్తూనే ఉంది. నాలుగు ఇళ్ళ అవతల సుజాత గడప ముందు నిలబడి, నేను నీకు తప్పు చెప్పిన, నీ లెక్కే కరెక్టని చెబుతోంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళున్నారు, ఎవరో అరుగు మీద పేపరు చదువుతున్నారు. గొంతు తగ్గించలేదు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూపిస్తోంది. నాకు ఆరేళ్ళు పట్టిన పని ఆమెకు చెప్పులు వేసుకున్నంతసేపే పట్టింది. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె తిరిగి వచ్చేలోగా ముఖం తుడుచుకున్నాను, నా ఏడుపు కూడా ఆమె చూసి ఓదార్చవలసిన పని కాకూడదని.

వచ్చాక ఆ గుమాస్తా పోస్టు సంగతి నేనే ఎత్తాను. నా వల్లే పోయింది అన్నాను. "గది నాకెరుకే సార్" అంది. తిట్టలేదు. పోనీలే అనలేదు. పాఠం దిద్దుతాను, తప్పు పట్టుకున్నది మీరని మీ పేరు రాయవచ్చా అని అడిగాను. రాయండి అంది, ఇంటిపేరుతో సహా పూర్తిగా చెప్పింది. డ్యూటీకి వేళయిందని లేచింది. గుమ్మం దాకా కూడా రాలేదు. రావలసిన అవసరమూ లేదు.

మర్నాడు సాయంత్రం పాఠం తెరిచాను. అరవై కొట్టేసి నలభై నాలుగు పెట్టాను. ఎలా వచ్చిందో వివరంగా రాశాను. భద్రపరచబోతే, ఎందుకు మారుస్తున్నారో రాయమని ఒక చిన్న గడి వస్తుంది. చేతికి అలవాటైన మాట ముందు పడింది, గణన దోష సవరణ అని. అందులో అబద్ధం లేదు. ఎవరూ తప్పు పట్టరు. అందుకే చెరిపేశాను. ఆమె అసలు పేరు పూర్తిగా రాసి, ఈ తప్పును ఈమె ఆరేళ్ళ కిందటే నాకు రాసి ఇచ్చారు, నేను తెలిసీ దాచాను, దీనివల్ల ఈమె పరీక్ష పోయింది అని రాశాను. కింద నా పేరు రాశాను. ఇక్కడ మీకు నా పేరు చెప్పలేదు, ఆమె పేరు మార్చాను. అక్కడ రెండూ అసలువే. ఎవరైనా చూడవచ్చు. ఇక చెరపడం నా వల్ల కూడా కాదు.

ఆ పాఠాన్ని తీసుకున్న కాలేజీలకు ఒక్కొక్కదానికీ రాస్తున్నాను. పరీక్షల విభాగానికి కూడా రాశాను, ఆ ప్రశ్నలూ ఆ జవాబులూ తీసేయమని, ఎందుకో చెప్పి. పిలిచి అడిగితే వెళ్తాను. ఉద్యోగం సంగతి ఏమవుతుందో తెలియదు. జిరాక్సు పుస్తకాలు ఎన్ని ఇళ్ళలో ఉన్నాయో నాకు తెలియదు, వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. ఆమె పోస్టును తెచ్చే దారి అంతకన్నా లేదు. ఈ వాక్యాలు రాస్తున్న గంటకు కూడా ఆమె ఆ వంటశాలలోనే ఉండి ఉంటుంది. ఇవేవీ తేలిక కాలేదు. అయినా గడిలో ఆ మాటలు రాసి, బటన్ నొక్కి, ఆ పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా ఆగకుండా చదివాను. ఆరేళ్ళలో అదే మొదటిసారి.